ఆగి ఆగి లాగే టర్బో డీజిల్ బండి: ఫిల్టరా, స్కానరా, గాలి పరీక్షా?

రావులపాలెం దాటి హైవే ఎక్కినంతసేపూ బండి బాగానే పోతుంది. లారీని దాటబోయేసరికి పికప్ చచ్చిపోతుంది, లేదా నాలుగు కుదుపులిచ్చి మళ్లీ అందుకుంటుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఏ తేడా కనపడదు. ఇలా వచ్చిపోయే జబ్బుకి ముందు ఏం చేయించాలి? డీజిల్ ఫిల్టర్ మార్చడం ఒక దారి. స్కానర్ (ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెట్టి రోడ్డు మీద అంకెలు చూడడం ఇంకోటి. టర్బో ఇంజన్‌లోకి ఒత్తి పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాలకు గాలి పరీక్ష మూడోది. ‘టర్బో పోయింది’ అని కొత్తది వేయించడం కూడా దారే గానీ, అన్నిటికన్నా ఖరీదైనది కాబట్టి దాని వంతు ఆఖర్నే.

డెల్టాలో ఫిల్టర్ మీదకి అనుమానం పోవడం సహజమే. చెరువు గట్ల మీద జనరేటర్ కోసం డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్‌ని అవసరానికి కారులో పోసేస్తుంటారు. సగం ఖాళీ డ్రమ్ములో, ఈ తేమ గాలికి, రాత్రి చల్లబడితే లోపల నీరు పడుతుంది. అది తేల్చడానికి ఫిల్టర్ కొననక్కర్లేదు. ఇంజన్ చల్లారాక ఫిల్టర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఓ 150 మి.లీ. గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగున విడిగా గీత కట్టి కనిపిస్తుంది, డీజిల్ దాని మీద తేలుతుంది. నీరు కనిపిస్తే ఫిల్టర్ మార్చడంతో సరిపెట్టకండి, ట్యాంకు కూడా కడిగించాలి.

నిర్ధారణ కోసమే ఫిల్టర్ మార్చడం మాత్రం సరైన పని కాదు. వచ్చిపోయే జబ్బు దానంతటదే రెండు రోజులు తగ్గినా ఫిల్టర్ వల్లే తగ్గిందనుకుంటాం. పైగా ఓ-రింగ్ సరిగా కూర్చోకపోయినా, హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కి గాలి తీయకపోయినా లైనులో గాలి చేరి కొత్త కుదుపులు మొదలవుతాయి. పాత జబ్బేదో కొత్తదేదో ఇక తెలీదు.

స్కానర్ విలువ ఇక్కడే. ముందుగా ఒక మాట: ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) రాసిపెట్టుకున్న లోపం కోడ్ చెరపకండి. కోడ్‌తోపాటు ఆ క్షణంలో ఆర్‌పీఎం, స్పీడు, లోడు ఎంతున్నాయో ఈసీయూ దాచిపెడుతుంది. చెరిపితే అదీ పోతుంది. పీ0087 వస్తే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి) తక్కువ, పీ0299 వస్తే బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) తక్కువ అని అర్థం. అయితే కోడ్ చూపేది ఫలితాన్నే, కారణాన్ని కాదు. పీ0299 చూసి టర్బో మార్చేస్తే, చిరిగిన గొట్టం చిరిగినట్టే ఉంటుంది.

బండి సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కి కలిపే చిన్న ఓబీడీ పరికరం (చిన్న స్కానర్) చాలావరకు సరిపోతుంది. అన్నీ ఒకేసారి పెడితే అంకెలు నత్తనడకన మారతాయి కాబట్టి ఆర్‌పీఎం, మ్యాప్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి చూపే సెన్సర్), రైల్ ప్రెషర్ మూడే పెట్టండి. ఇంజన్ వేయకుండా కీ ఆన్ చేస్తే మ్యాప్ 100 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి, మనది సముద్ర మట్టపు నేల గనుక. 90 చూపిస్తే ముందు ఆ సెన్సర్‌నీ, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టే దాని కనెక్టర్‌నీ చూడాలి. ఐడిలింగ్‌లో రైల్ ప్రెషర్ చాలా బళ్లలో 250–350 బార్ ఉంటుంది. యాప్ కిలోపాస్కల్‌లో చూపిస్తే 100తో భాగించుకోండి.

మన రోడ్లు చదును, లోడు పడదు. కాలవ గట్టు మీద ఈ పరీక్ష కుదరదు. నలుగుర్ని ఎక్కించుకుని, ఖాళీగా ఉన్న హైవే మీద మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఫోన్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి, రికార్డింగ్ నడుస్తుండాలి. ఏది ముందు పడిందన్నదే ప్రశ్న. రైల్ ముందు పడితే డీజిల్ వైపు. మ్యాప్ ఎక్కకుండా నిలిచిపోయి, ఆ తర్వాత రైల్ తగ్గితే గాలి వైపు: గాలి చాలక ఈసీయూయే డీజిల్ కోసింది. బండి కదులుతుండగా ఆర్‌పీఎం ఒక్కసారి సున్నాకి పడి లేస్తే ఇంజన్ తిరుగుడు లెక్కపెట్టే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరింగ్. కావలసిన ప్రెషర్, వస్తున్న ప్రెషర్ పక్కపక్కన కావాలంటే మాత్రం షెడ్డులోని పెద్ద స్కానరే ఉండాలి.

గాలి వైపు అని తేలితే అప్పుడు గాలి పరీక్ష. గొట్టాల్లోకి పొగ పంపి లీకు చూసే పొగ పరీక్ష చాలా తక్కువ ఒత్తిడితో చేస్తారు. బూస్ట్ పడితేనే నోరు తెరిచే చీలిక అందులో తప్పించుకుంటుంది. అందుకే టర్బో బండికి అర బార్ గాలి పట్టి సబ్బునీళ్లు చల్లడమే మేలు. బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్లెట్‌కి తెచ్చే గొట్టం) మూయకుండా చేస్తే గాలి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ అడుగు భాగంలోకి) పోయి ఆయిల్ సీళ్లు దెబ్బతింటాయి. గొట్టం వంపు అడుగున, క్లాంపు కింద చూడండి: ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని నల్లగా ఉన్నచోటే బుడగలు లేస్తాయి. లోపల పల్చటి ఆయిల్ పూత ఉండడం మామూలే. వాక్యూమ్‌తో పనిచేసే టర్బో అయితే యాక్చుయేటర్‌కి (టర్బో బూస్ట్‌ని సర్దే భాగానికి) వెళ్లే సన్నపైపులు కూడా తడమండి. కోతలప్పుడు చేలోంచి వచ్చే ఎలుకలకి అవి ఇష్టం.

ఇవన్నీ బాగుంటేనే టర్బో ఇన్లెట్ పైపు విప్పి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు షాఫ్టును వేళ్లతో కదపాలి. పక్కలకి కొద్దిగా ఆడడం సహజం. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా టర్బో మార్చాల్సిందే.