వైఫై 7 రౌటర్: నల్లగొండ ఇంట్లో చాలాకాలం వాడాక

రెండంతస్తుల ఆర్‌సీసీ ఇల్లు, కింది హాల్లో ఫైబర్ డబ్బా, పైన రెండు గదులు, 300 ఎంబీపీఎస్ ప్లాన్. నల్లగొండ పట్టణంలో చాలా ఇళ్లది ఇదే లెక్క. ఇలాంటి ఇంట్లో రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) వైఫై 7 రౌటర్‌ను, పెట్టె మీద బీఈ3600 అని ఉండే రకాన్ని, ఎండాకాలం, వానాకాలం దాటేదాకా వాడాక రాస్తున్న సమీక్ష ఇది. తేలిన మాట ముందే చెప్తాను. వైఫై 6 రౌటర్ సరిగ్గా నడుస్తుంటే మార్చాల్సిన పనిలేదు. వైఫై 5 లేదా అంతకన్నా పాతదైతే, లేకపోతే ప్లాన్ 500 దాటితే మార్చండి. అప్పుడు కూడా బడ్జెట్‌లో కొంత లాన్ కేబుల్‌కు పక్కన పెట్టుకోండి.

3600 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 688, 5 గిగాహెర్ట్జ్‌లో 2882 ఎంబీపీఎస్ కలిపి పైకి సరిచేసిన అంకె. ఏ ఫోనుకూ అంత మొత్తం అందదు. ఆ 2882 కూడా 160 మెగాహెర్ట్జ్ చానెల్ వెడల్పు, రెండు యాంటెన్నాలు, 4కే-క్వామ్ (ఒక్కో సంకేతంలో ఎక్కువ బిట్లు ఇరికించే పద్ధతి) మూడూ కుదిరితేనే. వైఫై 6లో ఇదే వెడల్పుకు 2402 వస్తుంది. ఒక్కో సంకేతంలో 10 బిట్లకు బదులు 12 బిట్లు ఇరికించడం వల్ల ఆ 20 శాతం పెరిగింది. అంత కిక్కిరిసిన సంకేతాన్ని చదవాలంటే సిగ్నల్ చాలా శుభ్రంగా ఉండాలి. రౌటర్ ఉన్న గదిలో దగ్గరగా కూర్చుంటే సరే. మధ్యలో ఒక ఇటుక గోడ వచ్చిందంటే ఫోను పాత పద్ధతికి దిగుతుంది. పైగా తెర మీద కనిపించే లింక్ వేగంలో ఫైల్ కాపీకి నికరంగా దక్కేది ఇంచుమించు అరవై శాతమే.

వైఫై 7 ప్రకటనల్లో పెద్దగా వినిపించే 320 మెగాహెర్ట్జ్ వెడల్పు 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మాత్రమే ఉంటుంది. రెండు బ్యాండ్ల రౌటర్‌లో అది అసలు ఉండదు. మన దేశంలో 2025 మేలో వచ్చిన ప్రభుత్వ ముసాయిదా ఈ బ్యాండ్‌లో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్ని, ఇంటి లోపల తక్కువ శక్తితో వాడుకునేందుకు ఉద్దేశించింది. ఆ 500 మెగాహెర్ట్జ్‌లో 320 చానెల్ ఒక్కటే పడుతుంది, 160వి మూడు పడతాయి. మూడు బ్యాండ్ల రౌటర్‌కు ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు, భారత్ మోడల్‌లో 6 గిగాహెర్ట్జ్ నిజంగా తెరిచి ఉందా లేదా కొనేముందే అడగాలి. ఫోను సంగతి కూడా చూసుకోవాలి. ఐఫోన్ 16కు వైఫై 7 ఉన్నా 160 దగ్గరే ఆగుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో 160 పెట్టుకుంటే ఇంకో చిక్కు ఉంది. మామూలుగా 36 నుంచి 64 దాకా చానెళ్లు కలిపితే ఆ వెడల్పు వస్తుంది. అందులో 52, ఆపైవి రాడార్లతో పంచుకోవాల్సినవి. అందుకే రౌటర్ ఆన్ కాగానే ఒక నిమిషం మౌనంగా వింటుంది. రాడార్ లేదని తేలాకే 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపిస్తుంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఈ ఆలస్యం తప్పదు. రౌటర్ పాడైందనుకుని మళ్లీ ఆపి ఆన్ చేస్తే ఆ నిమిషం మొదటికొస్తుంది. నేను వెడల్పు 80కి తగ్గించి, చానెల్ 36కు కట్టేశాను. లింక్ వైఫై 6 ఫోనుకు 1201, వైఫై 7 ఫోనుకు 1441 దాకా వస్తుంది, 300 ప్లాన్‌కు అది ఎక్కువే. 2.4లో వెడల్పు 20, చానెల్ 1, 6, 11లో పక్కింటివాళ్లది లేనిది పెట్టండి.

ఎంఎల్‌ఓ, అంటే ఒకే పరికరం రెండు బ్యాండ్లకూ ఒకేసారి కట్టుబడి ఉండే ఏర్పాటు, ఈ ప్రమాణంలో నాకు బాగా నచ్చిన భాగం. చాలా ఫోన్లలో రెండు దారుల వేగం కలవదు, ఏ దారి ఖాళీగా ఉంటే అటు మారతాయి. గది మారినా వీడియో కాల్ తెగకుండా ఉండటమే దీని లాభం. దీనికి డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త తరం) తప్పనిసరి. పాత సీసీ కెమెరాలు, స్మార్ట్ ప్లగ్‌లు, కొన్ని టీవీలు అక్కడే మొండికేస్తాయి. వాటికోసం 2.4లో మాత్రమే వేరే పేరుతో నెట్‌వర్క్ తెరిచి, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ (దాని ముందుతరం భద్రత) పెట్టండి. ఎంఎల్‌ఓ ఉన్న నెట్‌వర్క్‌ను ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు వదిలేయండి. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 24హెచ్2 లేదా ఆ తర్వాతిది ఉండాలి, కార్డు కూడా వైఫై 7ది కావాలి.

ఇక పై అంతస్తు. స్లాబ్‌లో ఇనుము, దాని మీద కాంక్రీటు, పైన తాండూరు బండలు దాటి 5 గిగాహెర్ట్జ్ నీరసంగా చేరుతుంది. మహబూబ్‌నగర్ వైపు పాత రాతి గోడల ఇళ్లలో పక్క గదికే ఈ తిప్పలు. కొత్త ప్రమాణం దీన్ని మార్చలేదు, 6 గిగాహెర్ట్జ్ అయితే ఇంకా ముందే ఆగిపోతుంది. వైర్‌లెస్ ఎక్స్‌టెండర్ కొనవద్దు, అది విన్నదాన్నే అదే బ్యాండ్‌లో మళ్లీ పలికితే వేగం ఇంచుమించు సగమవుతుంది. పైకి క్యాట్ 6 కేబుల్ లాగి, పాత వైఫై 6 రౌటర్ ఉంటే దాన్నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) అక్కడ పెట్టండి. కేబుల్ పూర్తి రాగిదై ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూతది చౌకగా దొరుకుతుంది కానీ మడతల దగ్గర విరుగుతుంది. రౌటర్ పేజీలో ఆ పోర్టు 1000కి బదులు 100 చూపిస్తే, ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి క్రింపింగ్‌లో (కనెక్టర్ బిగించేటప్పుడు) తగల్లేదన్నమాట. కొత్త కనెక్టర్ వేస్తే సరిపోతుంది.

ఫైబర్ డబ్బా దగ్గర రెండు చూడాలి. చిన్న ప్లాన్లకు ఇచ్చే కొన్ని డబ్బాల పోర్టే 100 ఎంబీపీఎస్. దాని వెనక ఎంత రౌటర్ పెట్టినా అంతే. రెండోది, డబ్బా వైఫై ఆపేయాలి, లేకుంటే ఫోన్లు దాన్ని పట్టుకుని వేలాడతాయి. ఆపరేటర్‌ను బ్రిడ్జ్ మోడ్ (డబ్బా నెట్‌ను నేరుగా మన రౌటర్‌కే వదిలేసే ఏర్పాటు) అడిగి, పీపీపీఓఈ (నెట్ లాగిన్) యూజర్ పేరు, పాస్‌వర్డ్, రౌటర్‌లో నింపాల్సిన వీలాన్ నంబరు రాయించుకోండి. ఇవ్వనంటే రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చుకుంటే డబుల్ నాట్ (డబ్బా, రౌటర్ రెండూ విడివిడిగా చిరునామాలు పంచడం) తంటా ఉండదు.

మే నెల ఎండకు రౌటర్ బాగా వేడెక్కుతుంది. టీవీ వెనక ఇరికించకుండా గోడకు ఆరడుగుల ఎత్తులో, చుట్టూ గాలి ఆడేలా బిగించాలి. దీని అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు. పాత రౌటర్‌కు కొన్న 1 ఆంపియర్ మినీ యూపీఎస్ దీన్ని మోయలేదు, లోడ్ పెరిగినప్పుడు రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. ఫైబర్ డబ్బాకూ అదే యూపీఎస్ వాడాలంటే రెండింటి ఆంపియర్లు కూడి, అంతకు పైన ఉన్నది తీసుకోండి.