పుస్తకమా, వాట్సాపా, షీటా, యాపా? ఇంటి పని లెక్క ఎక్కడ రాస్తే మేలు

తిరుపతి చుట్టుపక్కల ఇళ్లు కట్టించే పని నాది. అవిలాల వైపు ఒకటి, కరకంబాడి రోడ్డులో ఒకటి, ఇలా ఎప్పుడూ మూడు నాలుగు సైట్లు నడుస్తుంటాయి. ఓనర్లలో సగం మంది బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు. నెలకోసారి దర్శనానికి వచ్చినట్టు వచ్చి, మిద్దె ఎక్కి చూసి పోతారు. మిగతా రోజుల్లో వాళ్లకు సైటంటే ఫోనే. అందుకే పని మొదలుపెట్టక ముందే "అన్నా, లెక్కలు దేంట్లో రాస్తావు?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

నేను నాలుగూ వాడాను. పోల్చడానికి పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఇల్లు అప్పగించిన రెండేళ్లకు ఓనరు ఫోన్ చేసి "ఈ గోడలో పైపు ఎక్కడ పోతుంది?" అంటే ఎంతసేపట్లో చెప్పగలను?

ముందు పుస్తకం సంగతి. మేస్త్రీకి ఇంతకు మించిన సాఫ్ట్‌వేర్ లేదు. ఛార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, సిమెంటు చేతులతోనే రాసుకోవచ్చు. ప్రభుత్వ పనుల్లో కొలతలు రాసే పుస్తకం, ఎం.బుక్ (మెజర్‌మెంట్ బుక్) అంటే అంత భయభక్తులు ఊరికే రాలేదు. దాని పేజీలకు నంబర్లుంటాయి, కొట్టేసిన అంకె కూడా కింద కనబడుతూనే ఉంటుంది, ఒక కాగితం చింపితే ఇట్టే తెలిసిపోతుంది. చిక్కల్లా కాపీ ఒక్కటే ఉండటం. 2021 నవంబరు వానలకు సైటు షెడ్డులో ఉన్న మా పుస్తకం తడిసి, జెల్ పెన్నుతో రాసిన పేజీలన్నీ నీలి మరకలైపోయాయి. ఆ ఇంటి కూలి లెక్క మేస్త్రీ జ్ఞాపకం, నా జ్ఞాపకం కలిపి తేల్చుకోవాల్సి వచ్చింది. రెండూ కలవలేదని వేరే చెప్పాలా?

తర్వాత వాట్సాప్ గ్రూపు. ఎవరికీ నేర్పే పని లేదు. "సామీ, జల్లి ఇంకో లోడు కావాల, రేపు పొద్దున్నే తోలించండి" అని మేస్త్రీ వాయిస్ పెడతాడు, ఓనరు అక్కడినుంచే చెయ్యి గుర్తు పెడతాడు, పని జరిగిపోతుంది. వేగంలో దీన్ని కొట్టేది లేదు. కానీ నన్ను నిండా ముంచింది కూడా ఇదే.

ఒక ఇంట్లో బాత్రూం గోడలకు ప్లాస్టరింగ్ వేయకముందు పైపులన్నీ ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాను. పని బాగా చేశాననే అనుకున్నాను. గృహప్రవేశమైన ఆరు నెలలకు గీజరు బిగించడానికి వచ్చినతను డ్రిల్లు పెట్టగానే నీళ్లు చిమ్మాయి. ఓనరు ఫోన్ చేశాడు. గ్రూపు తెరిచి చూస్తే ఫోటోలు లేవు. ఎవరు పెట్టారో తెలీదు, గ్రూపులో మెసేజీలు 90 రోజులకు మాయమయ్యే సెట్టింగు ఉంది. అడ్మిన్ కట్టడి చేయకపోతే ఆ సెట్టింగును గ్రూపులో ఎవరైనా మార్చేయొచ్చు. ఆ అడ్మిన్‌ని నేనే. పైగా ఫోను నిండిపోతోందని ఫోటోలు గ్యాలరీలో పడకుండా నేనే ఆపేశాను. టైల్స్ పగలగొట్టిన ఖర్చు నా జేబులోంచే పోయింది.

ఫోటోలు మిగిలినా ఇంకో బాధ ఉంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. బీముల్లో కమ్మీల చుట్టూ కట్టే రింగుల మధ్య దూరం తెలియాలని టేపు పెట్టి మరీ తీస్తాం, తీరా పెద్దది చేసి చూస్తే టేపు మీది అంకెలు అలుక్కుపోయి ఉంటాయి. ఎప్పుడు, ఎక్కడ తీశామన్న వివరం కూడా ఫోటోలోంచి పోతుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫోటో అలాగే చేరుతుంది, కానీ శ్లాబు పోసే రోజు హడావుడిలో ఆ బటన్ వెతికేదెవరు? ఇక గుడ్ మార్నింగ్ స్వామివారి పటాల మధ్య, పండగ శుభాకాంక్షల మధ్య హాలు బీము ఫోటో వెతకడం ఒక పూట పని.

మూడోది గూగుల్ షీటు, పక్కన డ్రైవ్‌లో ఫోటోల ఫోల్డరు. ఉచితంగా వచ్చే 15 జీబీ ఒక ఇంటికి చాలు, వీడియోల మీద మోజు లేకుంటే. నా షీటులో సరుకు, కూలి, చెల్లింపులు, పరీక్షలు అని నాలుగు ట్యాబులుంటాయి. అసలు ఉపయోగం ఎక్కడంటే, రాసిన అంకెను అది తిరిగి ప్రశ్నిస్తుంది. ఇనుప కమ్మీల సంగతే చూడండి. మీటరు బరువు కిలోల్లో కట్టాలంటే ఎంఎంలలో ఉన్న మందాన్ని మందంతో గుణించి 162తో భాగించాలని సైటులో అందరికీ తెలుసు. 12 ఎంఎం కమ్మీ 12 మీటర్ల పొడవుంటే 10.67 కిలోలు, వంద కమ్మీలు 1,067 కిలోలు. ఈ సైజుకు కమ్మీల భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం అటూ ఇటూ 5 శాతం తేడా ఉండొచ్చు. అంటే 1,120 దాకా సరే. ఒకసారి కాటా చీటీలో 1,180 అని ఉంది. షీటులో ఆ గడి ఎర్రగా మారింది. కొట్టుకు ఫోన్ చేస్తే ఏదో సర్ది చెప్పబోయి, చివరికి బిల్లు తగ్గించారు. పుస్తకంలో అయితే 1,180 అని రాసుకుని డబ్బు కట్టేసేవాణ్ణి.

క్యూబులు, అంటే బలం పరీక్షించడానికి పోసిన కాంక్రీటులోంచే తీసే దిమ్మెలు, వాటి సంగతీ అంతే. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు 6 నుంచి 15 ఘనపు మీటర్ల దాకా అయితే రెండు శాంపిళ్లు, శాంపిలుకు మూడు క్యూబులు తీయాలి. తీయడం తీస్తాం, నీళ్ల తొట్టిలో వేసి మరిచిపోతాం. ఫిబ్రవరి 3న పోశామని రాస్తే షీటే మార్చి 3 అని 28 రోజుల పరీక్ష తేదీ చూపిస్తుంది. ఆ ట్యాబు పెట్టాక ల్యాబుకు ఆలస్యంగా పోయింది ఒక్కసారే, అదీ బ్రహ్మోత్సవాల ట్రాఫిక్ వల్ల.

ఎం.బుక్‌లోని కొట్టివేత గుణం దీనికీ ఉంది. వెర్షన్ హిస్టరీలోకి పోతే ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో కనబడుతుంది. లోపం ఏంటంటే మేస్త్రీ దీన్ని తెరవడు. మా సూపర్‌వైజరు తెరిచాడు గానీ అంకె రాయాల్సిన గడిలో "10 మూటలు" అని కొట్టాడు. అక్షరాలున్న గడిని షీటు మొత్తంలో కలపదు, కలపలేదని చెప్పదు కూడా. రెండు వారాల పాటు సిమెంటు తక్కువ వాడుతున్నామని నేను సంబరపడ్డాను.

నాలుగోది సైటు పనుల కోసమే చేసిన యాపులు. హాజరు, కావాల్సిన సరుకు అడిగే ఇండెంటు, ప్లాను మీద వేలు పెట్టి ఆ చోటికే ఫోటో తగిలించడం, అన్నీ ఒకే చోట. నా గోడ పైపు పరీక్షలో ఫస్టు మార్కు వీటికే, ప్లాను మీద ఆ గోడను నొక్కితే ఫోటో వస్తుంది. కానీ మనిషికింత అని డబ్బు కట్టాలి, మానేస్తే మన లెక్కలు ఎక్సెల్‌గా, పీడీఎఫ్‌గా బయటికి వస్తాయో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. నేను ఒకటి ఏడాదికి కొన్నాను. మూడు వారాలు బాగా నడిచింది. ఆ తర్వాత మా సూపర్‌వైజరు ఆదివారం సాయంత్రం ఇంట్లో కూర్చుని వారం మొత్తం హాజరు ఒక్కసారే నింపడం మొదలుపెట్టాడు. పది సైట్లుండి, ఈ ఒక్క పనికే మనిషిని పెట్టుకోగలిగినవాళ్లకు యాపే మేలు. నాకు బరువైంది.

ఏ పని తర్వాత ఏ పనో ప్లాను వేసే ప్రైమవెరా, ఎంఎస్ ప్రాజెక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు అడిగేవాళ్లూ ఉన్నారు. తిరుపతి ఫ్లైఓవరు లాంటి వంతెనకు, వేల పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడే చోట అవి కావాలి. ఇంటికి ముప్పై నలభై పనులుంటాయి, షీటులోనే గీతలు గీసుకోవచ్చు. బిమ్ (కట్టడం మొత్తాన్ని కంప్యూటర్లో 3డీ నమూనాగా చేయడం) అయితే పైపు బీముకు అడ్డం వస్తుందని కట్టకముందే చూపిస్తుంది, ఆసుపత్రికో హోటలుకో బ్రహ్మాండం. మా ఓనర్లు పూజగది ఏ మూలో శ్లాబు పడేదాకా తేల్చరు.

అపార్ట్‌మెంటు కట్టేవాళ్ల లెక్క వేరు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు తప్పదు. కట్టడంలో లోపం బయటపడితే అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్ల దాకా బిల్డరుదే బాధ్యత. అన్నేళ్లు నిలవాల్సిన రికార్డును వాట్సాప్‌లో ఉంచడం నాకైతే టెన్షనే. గొడవ కోర్టు దాకా పోతే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జోడించాలి. అసలు ఫైలు ఎక్కడుందో తెలియనివాడు దానిమీద ఏమని సంతకం పెడతాడు?

ఒక్క ఇల్లు కట్టుకునేవాళ్లకు నేను చెప్పేది షీటు, ఫోటోల ఫోల్డరు. వాట్సాప్‌లో మాటలు నడవనీయండి, ఫోటో మాత్రం సాయంత్రానికి ఫోల్డరులోకి ఎక్కాలి, పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత గది. నేనిప్పుడు గోడ పక్కన ఒక పలక పెట్టి, దానిమీద సుద్దతో తేదీ, గది, గోడ ఏ దిక్కుదో రాసి, నేల నుంచి పైపుదాకా టేపు పట్టి ఫోటో తీస్తున్నాను. పలక చూసి కూలోళ్లు మొదట్లో నవ్వారు.

మేస్త్రీ పుస్తకాన్ని మాత్రం మాన్పించలేదు. పోయిన నెల సిమెంటు లెక్కలో నా షీటుకూ ఆయన పుస్తకానికీ 4 మూటలు తేడా వచ్చింది. నేను షీటు పట్టుకుని గట్టిగానే మాట్లాడాను. ఆయన పేజీ తిప్పి, నిలువు గీతలన్నీ వేలితో లెక్కపెట్టి చూపించాడు. చివరికి చూస్తే ఒక లోడును నేనే రెండుసార్లు ఎక్కించాను.