కాకినాడలో ప్రాజెక్ట్ కోడ్ కొనేవాళ్ళు ఇది చదివి కొనండి

రాత్రంతా నిద్ర లేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నా. పేరు రాయను. పెట్రోలియం పిల్లలకు ప్రాజెక్టులు అమ్మేది ఎవరో మీలో చాలామందికి తెలుసు.

చమురు, గ్యాస్ బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపు చేసే చిక్కటి ద్రవం, అదే డ్రిల్లింగ్ మడ్, పైపులో పోతుంటే ప్రెషర్ ఎంత పడిపోతుందో లెక్కగట్టే కోడ్. బింగ్‌హామ్, పవర్ లా, హెర్షెల్-బల్క్‌లీ, నీళ్ళలా పారని ద్రవాలకు వాడే మూడు మోడల్సూ ఉన్నాయన్నాడు. 8,000 రూపాయలు. బేరమాడకపోగా ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కూడా పట్టుకెళ్ళి ఇచ్చాను, అంత తెలివైనవాణ్ణి.

నిన్న రివ్యూలో గైడ్ మేడమ్ లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, పవర్ లా పెట్టి ఫ్లో రేటు రెట్టింపు చెయ్యమన్నారు. ప్రెషర్ డ్రాప్ సరిగ్గా రెట్టింపైంది. ఆవిడ ఏమీ అనకుండా నేను రాసుకున్న విస్కోమీటర్ (చిక్కదనం కొలిచే పరికరం) రీడింగుల మీద వేలు పెట్టారు. నిమిషానికి 600 చుట్ల దగ్గర 56, 300 దగ్గర 36. అంటే పవర్ లాలో ఘాతంగా ఉండే n సుమారు 0.64. లామినార్‌లో, అంటే సుడులు లేని ప్రవాహంలో, ప్రెషర్ డ్రాప్ ఒకటిన్నర రెట్లకు కాస్త పైన ఆగాలి. తర్వాత బింగ్‌హామ్‌కు మార్చి యీల్డ్ పాయింట్ (మడ్ కదలాలంటే కావాల్సిన కనీస నెట్టుడు) 16 తీసేసి సున్నా పెట్టమన్నారు. గ్రాఫ్ కదల్లేదు. 160 పెట్టాను. ఊహూఁ. పైన పేర్లు మూడు, లోపల ఫార్ములా ఒకటే, నీళ్ళకు వాడేది.

"గోదావరి నీళ్ళకైతే బాగానే పనిచేస్తుంది," అన్నారు మేడమ్. నవ్వలేదు.

బయటికొచ్చి ఫోన్ చేశాను. డబ్బులిచ్చిన రోజు "తమ్ముడూ" అన్నవాడు నిన్న "ఏవండీ" అన్నాడు. "గ్రాఫ్ వచ్చిందా లేదా? కలర్లో వచ్చిందిగా! మడ్ అంటే బురదనీళ్ళే కదండీ."

బురదనీళ్ళట! పంపు ఆపితే జెల్ అయిపోయి రాతిముక్కల్ని కిందికి జారనివ్వకుండా పట్టుకునేది, మళ్ళీ గట్టిగా నెడితేగానీ కదలనిది బురదనీళ్ళా? మా అమ్మ అట్లపిండి నయం. 1995లో పాశర్లపూడి బావి అంటుకున్న చోటికి దగ్గర్లో పుట్టినవాణ్ణి, నాకు చెప్తాడు మడ్ గురించి. డబ్బులడిగితే "సాఫ్ట్ కాపీ వాపస్ ఉండదండీ" అని పెట్టేశాడు. ఇప్పుడు నా నంబర్ బ్లాక్.

తప్పు నాదీ ఉంది. 56లోంచి 36 తీస్తే ప్లాస్టిక్ విస్కాసిటీ, అంటే బింగ్‌హామ్‌లో వాడే చిక్కదనం, 20, 36లోంచి ఆ 20 తీస్తే యీల్డ్ పాయింట్ 16. ఈ రెండు తీసివేతలు చూసి భయపడి కొన్నాను.

కొనక తప్పదంటే, డబ్బులిచ్చే ముందు వాడి ఎదురుగానే యీల్డ్ పాయింట్ మార్చి చూడండి. నాకు సోమవారం మళ్ళీ రివ్యూ, ఎక్సెల్ తెరిచి కూర్చున్నా.