హేగర్స్‌టౌన్‌లో జోనథన్ హేగర్ ఇల్లు: ముందు నేలమాళిగలోకి దిగండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక తల పట్టుకునే వాషింగ్టన్, బాల్టిమోర్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అంతకుముందు వారమే మేము ఒక టూర్ ఆపరేటర్ బస్సెక్కి బాగా విసిగిపోయి ఉన్నాం. ఆరు గంటలు బస్సులో, ఒక్కోచోట అరగంట, దిగి ఫోటో తీసుకుని మళ్ళీ ఎక్కడం, మా అమ్మకి మోకాళ్ళు వాచిపోయాయి. అందుకే ఈసారి సొంత కారులో, ఒక్కటే చోటు, హడావుడి లేకుండా చూద్దాం అనుకుని మేరీల్యాండ్‌లోనే ఉన్న హేగర్స్‌టౌన్ వెళ్ళాం. మేముండేది జర్మన్‌టౌన్ దగ్గర, 270 హైవే ఎక్కి ఫ్రెడరిక్ దాకా వెళ్ళి అక్కడ 70 హైవే పట్టుకుంటే గంట లోపే. డీసీ నుంచైతే 70 మైళ్ళు అనుకోండి.

చూడాల్సింది సిటీ పార్కులో ఉన్న జోనథన్ హేగర్ ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. హేగర్ అంటే ఆ ఊరిని కట్టినాయన, ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతం నుంచి 1736 సెప్టెంబరులో హార్ల్ అనే ఓడలో ఫిలడెల్ఫియా రేవులో దిగాడు, అప్పటికి 22 ఏళ్ళవాడు. ఆ రోజుల్లో అక్కడ దిగిన జర్మన్ మగవాళ్ళందరూ ఇంగ్లండ్ రాజుకి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అది చదవగానే నాకు ఎయిర్‌పోర్టులో వీసా కాగితాలు పట్టుకుని లైన్లో నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి, అంటే 1739లో, డేనియల్ డులానీ అనే పెద్ద భూస్వామి దగ్గర 200 ఎకరాలు 44 పౌండ్లకి కొన్నాడు. ఆ భూమికి ‘హేగర్స్ ఫ్యాన్సీ’ అని పేరు పెట్టాడు. మేరీల్యాండ్‌లో అప్పట్లో ప్రతి భూమి పట్టాకీ ఇలా ఒక పేరుండేది, ఈయనదే తర్వాతి భూమి పేరు ‘హేగర్స్ డిలైట్’. మా ఊళ్ళో మర్రిచెట్టు చేను, కాలవగట్టు చేను అంటాం కదా, వీళ్ళు అదే పేరుని దస్తావేజులోకి ఎక్కించారన్నమాట.

సరే, ఇంటి సంగతి. బయట నుంచి చూస్తే అంత పెద్దదేమీ కాదు, సున్నపురాయితో కట్టిన అంతస్తుల ఇల్లు, మధ్యలో పెద్ద పొగగూడు. చాలామంది ముందు పైకెక్కి గదులు చూస్తారు. నేను చెప్పేది, వీలైతే ముందు కిందికి దిగండి. ఈ ఇంటి గుట్టు మొత్తం నేలమాళిగలోనే ఉంది. హేగర్ ఇంటిని రెండు నీటి ఊటల మీద కట్టాడు. అంటే ఇంటికి దగ్గర్లో నీళ్ళున్నాయని కాదు, ఇంటి కిందే, గోడల లోపలే నీళ్ళు ఊరుతున్నాయి. శత్రువులు చుట్టుముట్టినా బయటికి అడుగు పెట్టకుండా దాహం తీర్చుకోవచ్చు, పాలు, వెన్న చెడిపోకుండా చల్లగా దాచుకోవచ్చు. గోడలు 22 అంగుళాల మందం, దగ్గర దగ్గర రెండడుగులు. బయట ఆగస్టు ఎండ మండిపోతుంటే కింద చల్లగా ఉంది. మా అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయి, ‘మా అమ్మమ్మ వాళ్ళ మట్టి మిద్దెలాగే ఉందిరా, ఇక్కడ కుండలో పెరుగు తోడేస్తే పులవదు’ అంది. రెండొందల ఎనభై ఏళ్ళ కిందటి జర్మన్ ఇంట్లోకి అడుగుపెట్టి మా అమ్మకి వాళ్ళ అమ్మమ్మ ఇల్లు గుర్తుకొస్తుందని నేనైతే అస్సలు అనుకోలేదు.

అంత జాగ్రత్త ఎందుకంటే వలస వచ్చినవాళ్ళ ఊళ్ళకి అప్పటికి అదే సరిహద్దు. ఆ నేల మీద అంతకుముందు నుంచీ తిరిగిన, వేటాడిన మూలవాసులు ఉన్నారు, వాళ్ళకీ కొత్తగా వచ్చినవాళ్ళకీ మధ్య వ్యాపారమూ ఉండేది, భయమూ ఉండేది. హేగర్ బొచ్చుతోళ్ళ వ్యాపారం చేశాడు, కమ్మరం, వ్యవసాయం, పశువులు, తర్వాత సామిల్లు, చేతికి దొరికిన పని ఏదీ వదల్లేదు. 1755లో బ్రిటిష్ సేనాని బ్రాడక్ ఇప్పటి పిట్స్‌బర్గ్ వైపు ఫ్రెంచివాళ్ళ, వాళ్ళతో కలిసిన మూలవాసుల చేతిలో ఘోరంగా ఓడిపోయాక ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలు ఇళ్ళు వదిలేసి తూర్పుకి పారిపోయాయి. ఆ యుద్ధంలో హేగర్ స్కౌట్ల దళానికి కెప్టెన్‌గా పనిచేశాడు.

అయితే ఒకటి తెలుసుకుని వెళ్ళండి, ఈ ఇంట్లో ఆయన కాపురం చేసింది ఐదారేళ్ళే. పక్క పొలంవాళ్ళ అమ్మాయి ఎలిజబెత్ కెర్ష్‌నర్‌ని 1740లో పెళ్ళి చేసుకున్నాడు, 1745లో ఇల్లు, భూమి కలిపి జేకబ్ రోరర్‌కి 200 పౌండ్లకి అమ్మేసి ఇంకో చోటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత 1944 దాకా, అంటే దాదాపు రెండొందల ఏళ్ళు, అది రోరర్ల ఇల్లే. అప్పుడు వాషింగ్టన్ కౌంటీ హిస్టారికల్ సొసైటీ కొని బాగు చేయించింది, తర్వాత ఊరికి అప్పగించింది, 1962లో జనానికి తెరిచారు. కాబట్టి లోపల కనిపించే మంచాలు, అల్మారాలు అన్నీ హేగర్ వాడినవే అనుకోకండి, ఆ కాలంవి తెచ్చి సర్దారు. తవ్వకాల్లో దొరికిన సామాన్లు మాత్రం ఆ నేలవే: నాణేలు, మట్టిపాత్రల పెంకులు, గుండీలు, ఎముకతో చేసిన దువ్వెనలు. ఆ దువ్వెన పళ్ళు చూస్తూ మా అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. ఒకప్పుడు ఊరి మార్కెట్ భవనం మీద గాలి వాటం చూపించిన ‘లిటిల్ హైస్కెల్’ అనే రేకు సిపాయి బొమ్మ గురించి కూడా అడిగి తెలుసుకోండి, ఆ ఊరికి అదే గుర్తు.

నేను అసలు చెప్పాలనుకున్నది దీని తర్వాతది. 1762లో హేగర్ తన భూమిలో ఊరు వేసి స్థలాలు విడగొట్టి అమ్మాడు, ఊరికి భార్య పేరు పెట్టాడు, ఎలిజబెత్ టౌన్ అని. జనం మాత్రం హేగర్ ఊరు, హేగర్ ఊరు అంటూనే ఉన్నారు, చివరికి 1813లో ఊరి కౌన్సిల్ ఆ పేరే ఖాయం చేసింది, మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంది. పాపం ఎలిజబెత్ పేరు అలా పోయింది, ఆవిడ 1765లోనే చనిపోయింది. నాకు ఆ సంగతి చదివి బాధేసింది.

1771లో ఈ కమ్మరి, బొచ్చు వ్యాపారి మేరీల్యాండ్ శాసనసభకి ఎన్నికయ్యాడు. జనం ఓటేశారు, గెలిచాడు. సభకి వెళ్తే, నువ్వు ఇక్కడ పుట్టలేదు కాబట్టి ఇక్కడ కూర్చోవడానికి అర్హత లేదు అన్నారు. ఆయన 1747లోనే పౌరసత్వం తీసుకున్నాడు. వచ్చి 35 ఏళ్ళయింది, ఊరు కట్టాడు, యుద్ధంలో నిలబడ్డాడు, పన్నులు కట్టాడు. అయినా కాదన్నారు. ఇంగ్లండ్‌లో 1701 నాటి చట్టం ప్రకారం విదేశంలో పుట్టినవాళ్ళు పౌరసత్వం తీసుకున్నా పార్లమెంటు సభ్యులు కాకూడదు, ఆ ఆలోచనే ఇక్కడి సభ దాకా వచ్చింది. కానీ కథ అక్కడ ఆగలేదు. పౌరసత్వం తీసుకున్న విదేశీయులకి ఇక్కడ పుట్టినవాళ్ళతో సమానంగా హక్కులుండాలని సభ చట్టం చేసింది, హేగర్ మళ్ళీ నిలబడ్డాడు, మళ్ళీ గెలిచాడు, ఈసారి కూర్చున్నాడు. 1773లో ఇంకోసారి కూడా గెలిచాడు.

గ్రీన్‌కార్డు క్యూలో పదకొండేళ్ళుగా ఉన్నవాణ్ణి నేను. ప్రతిసారీ వీసా స్టాంపింగ్‌కి వెళ్ళేటప్పుడు ఉండే టెన్షన్ ఏంటో ఇక్కడ ఉన్న మనవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఆ గదిలో నిలబడి ఈ సంగతి వింటుంటే నాకు గొంతు పట్టేసింది. అదే మేరీల్యాండ్ శాసనసభకి 2010లో హైదరాబాద్‌లో పుట్టిన మన తెలుగింటి ఆడపడుచు అరుణా మిల్లర్ ఎన్నికయ్యారు, సివిల్ ఇంజినీర్, 2023 జనవరిలో భగవద్గీత మీద చెయ్యి పెట్టి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. ఆ రోజు మేము ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాం, మా పాపని పిలిచి మరీ చూపించాం. హేగర్‌ని గుమ్మంలో ఆపిన సభ ఇదేనని అప్పుడు నాకు తెలియదు. మీ పిల్లల్ని తీసుకెళ్తే దయచేసి ఈ ముక్క మాత్రం చెప్పండి. మీకు ఇల్లు చూపించేవాళ్ళని శాసనసభ గొడవ గురించి నోరు తెరిచి అడగండి, అడిగితే ఇష్టంగా చెప్తారు. మాకు చూపించినావిడ, నేను అడగగానే కుర్చీ లాక్కుని కూర్చుని పావుగంట చెప్పారు.

ఇక మా నాన్న. ఆయన రాజమండ్రి దగ్గర కలప అడితిలో ముప్పై ఏళ్ళు చేశారు. గదులన్నీ ఒక చుట్టు తిరిగేసి, ఆయన చూపంతా దూలాల మీదే. హేగర్ ఎలా పోయాడో చెప్పేదాకా పెద్దగా మాట్లాడలేదు. 1775 నవంబరు 6న ఆయన తన సామిల్లు దగ్గర ఊళ్ళో కడుతున్న జర్మన్ రిఫార్మ్‌డ్ చర్చి కోసం కలప సిద్ధం చేయిస్తుంటే దుంగ మీదికి దొర్లి చనిపోయాడు, 61 ఏళ్ళు. నేను తెలుగులో చెప్పగానే నాన్న ఒక్క నిమిషం ఆగి, ‘దుంగ ఒకసారి దొర్లడం మొదలెడితే ఇంకెవడూ ఆపలేడురా. కింద చీలలు కొట్టకుండా పని మొదలెట్టకూడదు. మా అడితిలో సత్తిగాడు అలాగే పోయాడు’ అన్నారు. ఆ సత్తి ఎవరో నాకు తెలియదు. నాన్న ఇన్నేళ్ళలో ఆ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. ఇంటికొచ్చే దారంతా అడితి సంగతులే చెప్పారు, గోదావరి మీద తెప్పలుగా వచ్చే మానుల గురించి, రంపం పట్టే కూలీల గురించి, నేను పుట్టకముందు సంగతులు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. ఏడాది పొడుగునా ఒకే వేళలు ఉండవు, చలికాలంలో ముఖ్యంగా, కాబట్టి బయల్దేరే ముందు సైట్‌లో చూసుకుని వెళ్ళండి. పాతకాలం ఇల్లు, మెట్లు ఇరుకు, పెద్దవాళ్ళ ముందొకరు వెనకొకరు ఉండండి, చెప్పులు పట్టు ఉన్నవి వేయించండి. ఇంటికి ముప్పావు గంట, గంట చాలు. పిల్లలు విసిగిపోతే పార్కులోనే 1912లో తయారైన 202 నంబరు ఆవిరి ఇంజిన్ ఉంది, మా పాప దాన్ని వదిలి రానంది. చెరువులో హంసలు, బాతులు ఉంటాయి. చెరువు ఒడ్డునే ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం, దానికి టికెట్ లేదు, మేము సగమే చూశాం. తిండికి మాత్రం ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళి చెట్ల కింద తిన్నాం, అదే మంచిదైంది.

నా వైపు నుంచి 5కి 5. ఇంత చిన్న ఇల్లు చూసి ఇంతసేపు మాట్లాడుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

హేగర్‌ని పాతిపెట్టింది నార్త్ పొటోమాక్ వీధిలోని జయన్ రిఫార్మ్‌డ్ చర్చి దగ్గర, ఆయన కలప కోయిస్తున్నది ఆ చర్చికే. ఆ రోజు వేళ మించిపోయి అటు వెళ్ళలేదు. నాన్న వెనక్కి వెళ్ళేలోపు ఇంకోసారి వెళ్ళాలని, ఈసారి నేరుగా అక్కడికే పోనివ్వమని ఆయనే అడిగారు, వచ్చే శనివారం బయల్దేరుతున్నాం.