యాప్ కోడ్ కొనేవాళ్లకి: రెండు వేళ్లు పెట్టి చూడందే డబ్బు కట్టొద్దు

నెల్లూరు, ఒంగోలు వైపు చిన్న చిన్న యాప్‌లు చేసిచ్చే వాళ్లందరికీ ఈ జాగ్రత్త. రొయ్యల రైతుల యాప్ కోసం ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర రెడీమేడ్ ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ కొన్నాను. అడ్డంగా జరిపితే ఒక్కో గుంటకి ఒక్కో పేజీ. అందులో నిలువుగా మేత లెక్కలు, ఆక్సిజన్ రీడింగులు, చెక్ ట్రే (మేత, రొయ్యల్ని చూసుకోవడానికి గుంటలో దించే పళ్లెం) ఫోటోలు. రొయ్య మీద తెల్లమచ్చ జబ్బు ఉందేమో చూడాలంటే ఫోటోని రెండు వేళ్లతో జూమ్ చేసుకోవాలి. డెమో వీడియోలో అంతా భేషుగ్గా ఉంది.

విడవలూరు దగ్గర గుంట గట్టు మీద ఫోన్ రైతు చేతికిచ్చాను. "ఏందన్నా ఇది, బొమ్మ పెద్దది చేద్దామంటే పక్క గుంటకి పోతా ఉంది?" అన్నాడు. ఇంకోసారి జూమ్ చేయబోతే యాప్ టపీమని మూసుకుపోయింది.

కోడ్ విప్పి చూస్తే సంగతి తెలిసింది. మన రెండు వేళ్లూ ఒకేసారి తెరను తాకవు. మొదటి వేలు కాస్త అడ్డంగా జరిగిందంటే చాలు, బయట ఉన్న పేజర్ (పేజీలని అడ్డంగా జరిపే భాగం) అది తనకే అనుకుని టచ్‌ని లాగేసుకుంటుంది. లోపలి ఫోటోకి 'క్యాన్సిల్' అందుతుంది. రెండో వేలు వచ్చేసరికి ఫోటో చేతిలో ఏమీ ఉండదు. ఇలా జరక్కుండా లోపలి వ్యూ, అంటే ఇక్కడ ఫోటో, 'రిక్వెస్ట్ డిస్అలౌ ఇంటర్‌సెప్ట్ టచ్ ఈవెంట్' అనే ఫంక్షన్ పిలిచి పేరెంట్‌ని, అంటే బయటి పేజర్‌ని ఆపాలి. నాకు అమ్మిన కోడ్‌లో ఆ మాటే లేదు. యాప్ మూసుకుపోవడానికి కారణం పాత వ్యూపేజర్, అంటే పేజీలు జరపడానికి ఆండ్రాయిడ్‌లో వాడే పాత రెడీమేడ్ భాగం. అందులో జూమ్ ఫోటో పెడితే 'పాయింటర్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్' అని పడిపోవడం ఎప్పటినుంచో ఉన్న జబ్బే.

అమ్మినాయన్ని అడిగితే "ఫోటో విడిగా తెరిస్తే జూమ్ అవుతోంది కదా, మీ ఫోన్ తేడా" అన్నాడు. విడిగా ఎవరిదైనా అవుతుంది స్వామీ, ఒకదాంట్లో ఒకటి పెట్టినప్పుడే కదా అసలు కథ! ఇంకో మతలబు ఉంది. ఆయన వీడియో ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్‌లో తీసింది. అక్కడ కంట్రోల్ కీ నొక్కి మౌస్ క్లిక్ చేస్తే రెండు చుక్కలూ ఒకేసారి తాకుతాయి కాబట్టి ఈ లోపం బయటపడదు.

అందుకే వీడియో చూసి సంబరపడకుండా ఏపీకే (ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైలు) అడగండి. ఇవ్వనంటే అక్కడే వదిలేయండి. చవక ఫోన్‌లో వేసుకుని, ఒక వేలితో లిస్టు జరుపుతూ మధ్యలో రెండో వేలు పెట్టండి. జూమ్‌లో ఉండగా ఒక వేలు తీసేయండి, బొమ్మ ఎగిరిందంటే కోడ్ కచ్చా సరుకే. నెస్టెడ్ స్క్రోల్‌వ్యూలో (తెరంతా నిలువుగా జరిపే భాగం) రీసైక్లర్‌వ్యూ (కనిపించే వరసలనే తయారుచేసే లిస్టు) ఇరికించారేమో కూడా చూడండి. అలా ఉంటే వరసలన్నీ ఒకేసారి తయారై, ఫోటోలు ఎక్కువయ్యేకొద్దీ ఫోన్ ఈడుస్తుంది. నాకు వచ్చిన దాంట్లో అదీ ఉంది.

డబ్బు వెనక్కి అడిగితే డిజిటల్ సరుకుకి రిఫండ్ లేదంటున్నాడు. రైతులకి మాటిచ్చిన టెన్షన్ నాది. పేజర్ భాగం మొత్తం తీసేసి దాని కొత్త రకం వ్యూపేజర్2తో మళ్లీ రాసుకుంటున్నాను.