పాలపుంత న్యూట్రినోలు: వాయువులోనా, విడి మూలాల్లోనా?

దక్షిణ ధ్రువం మంచులో పాతిన న్యూట్రినో శోధని ఐస్‌క్యూబ్, పదేళ్ల డేటాను జల్లెడ పట్టి, పాలపుంత తలం నుంచి న్యూట్రినోలు (పదార్థంతో దాదాపు కలవని, విద్యుదావేశం లేని సూక్ష్మ కణాలు) వస్తున్నాయని 2023లో 4.5 సిగ్మా స్థాయిలో చెప్పింది (సిగ్మా ఎంత పెద్దదైతే అది యాదృచ్ఛికం అయ్యే అవకాశం అంత తక్కువ). ఎక్కడ పుట్టాయన్నదే పేచీ.

కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో అతివేగంగా దూసుకెళ్లే ఆవేశిత కణాలు, గెలాక్సీ అంతా తిరుగుతూ నక్షత్రాల మధ్య వాయువును ఢీకొని పయాన్లనే క్షణికమైన కణాలను పుట్టిస్తాయన్నది ఒక వాదన. విద్యుదావేశం ఉన్న పయాన్లు క్షయమై న్యూట్రినోలనిస్తాయి, లేనివి గామా కిరణాలనిస్తాయి. ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపు పాలపుంత పొడవునా చూసిన గామా కిరణాల పట్టీ దీనికి గట్టి ఆసరా.

రెండోది విడి మూలాలు: సూపర్‌నోవా శేషాలు (పేలిన నక్షత్రాల అవశేషాలు), పల్సార్ల (వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాల) చుట్టూ ఉండే నెబ్యులాలనే మేఘాలు. వీటి జాబితాలను కలిపి చూసినా సంకేతం 3 సిగ్మా దాటింది. కానీ అవీ అదే తలంలో ఉన్నాయాయె, వాయువు నుంచి వేరుచేయడం కష్టం! పైగా విశ్లేషణలో వాడిన న్యూట్రినో సంఘటనల (శోధనిలో నమోదైన తాకిడుల) దిశ కొన్ని డిగ్రీల మేర మసక. పల్సార్ల గామా కిరణాలు ఎలక్ట్రాన్లవే అయితే న్యూట్రినోలు రానే రావు. నా మొగ్గు వాయువు వైపే.