స్కై దీవిలో కాటేజీ తీసుకునే ముందు వంటింటికి తలుపుందో లేదో అడగండి

మేముండే గ్లాస్గో నుంచి స్కాట్లండ్‌లోనే ఉన్న స్కై దీవికి ఇప్పటికి ఏడుసార్లు వెళ్ళాం. ఏడుసార్లూ మనమే వండుకునే కాటేజీల్లోనే దిగాం. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే రాతిస్తంభం దాకా ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది, ఫెయిరీ పూల్స్ అనే మడుగుల దగ్గర కారు పెట్టడానికి చోటు దొరుకుతుందా, ఇవన్నీ ఎవర్నడిగినా చెప్తారు. నేను రాసేది వంటింటి గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే తాలింపు గురించి.

2018లో మొదటిసారి వెళ్ళొచ్చాక కనిపించిన తెలుగువాళ్ళందరి దగ్గరా "హోటల్ మాటెత్తకండి, కాటేజీ తీసుకోండి, అచ్చం మనింట్లో ఉన్నట్టే" అని ఊదరగొట్టింది నేనే. నా మాట నమ్మి వెళ్ళి, తిరిగొచ్చాక నాతో ముభావంగా ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ తప్పేం లేదు. "వంటసామాను అంతా ఉంది" అని రాసిన చోట ఆరు వైన్ గ్లాసులుంటాయి, టమాటా మీద పెడితే జారిపోయే కత్తి ఒకటుంటుంది, నలుగురికి అన్నం వండే గిన్నె మాత్రం ఉండదు. పొయ్యి చాలా ఇళ్ళలో ఇండక్షన్. నా అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆ వారమంతా చిన్న గిన్నెలో రెండు విడతలుగా అన్నం వండి గంజి వార్చాను. అయినా వచ్చాక అందరితో "అచ్చం మనింట్లో ఉన్నట్టే" అన్నాను. కొండలు చూసిన మత్తులో నోరుజారిన మాట అది. ఇప్పుడైతే కత్తి, గరిటె, స్టీలు కుక్కరు, పోపులపెట్టె తీసుకెళ్ళండి, అప్పుడు మనింట్లో ఉన్నట్టే అంటాను. కరివేపాకు గ్లాస్గోలో ఆల్బర్ట్ డ్రైవ్ దగ్గరే కొనేసుకుని బయల్దేరతాం. దీవిలో పోర్ట్రీ, బ్రాడ్‌ఫర్డ్ ఊళ్ళు రెండింటిలోనూ కో-ఆప్ సూపర్‌మార్కెట్ ఉంది, పాలకీ ఉల్లిపాయలకీ దిగుల్లేదు.

నీళ్ళ సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికొస్తాను. కొన్ని ఇళ్ళకి ఊరి కుళాయి ఉండదు. కొండవాగు నీళ్ళనే వడకట్టి, అతినీలలోహిత దీపం కింద నుంచి పంపి వాడతారు. ఆ వాగు చిత్తడినేలల్లో వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న పీట్ మట్టి మీదుగా వస్తుంది కాబట్టి తొట్టిలో నీళ్ళు పలచటి టీ రంగులో ఉంటాయి. 2019లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి వచ్చిన మా చెల్లెలు "ఈ డికాషన్‌లో నేను స్నానం చెయ్యను" అని ఒకరోజు మొండికేసింది. అయితే ఆ నీళ్ళలో సున్నం ఉండదు. రెడింగ్‌లో మూడు విజిల్స్‌కి కూడా గట్టిగా ఉండే కందిపప్పు ఇక్కడ రెండింటికే వెన్నలా ఉడికిపోయింది. రెండోరోజు నుంచి స్నానం గురించి కూడా మాట్లాడలేదు.

ఇక 2022 ఆగస్టు. దీవికి ఉత్తరాన ట్రాటర్నిష్ వైపు, స్టాఫిన్ ఊరికి దగ్గర్లో ఇల్లు. హాలూ వంటిల్లూ కలిపేసి, పైకప్పు దూలాల దాకా ఎత్తుగా తెరిచేసి, సముద్రం వైపు గోడంతా అద్దం పెట్టేశారు. పొయ్యి ముందు నిలబడితే ఎదురుగా రోనా దీవి, దాని వెనక అవతలి ఒడ్డున స్కాట్లండ్ ప్రధానభూమి కొండలు. ఆ కిటికీ కోసమే ఆ ఇల్లు తీసుకున్నాం. రాజమండ్రి నుంచి మా అత్తయ్య వచ్చి ఉన్నారు. ఆవిడ బయట తినరు. రెండోరోజు సాయంత్రం ఎడతెగని వాన. "అమ్మాయ్, నువ్వు కూచో, పప్పుచారు నేను పెడతాను" అన్నారు. నేను సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూచుని టీ తాగుతున్నాను. ఆ టీ పూర్తవలేదు.

ఇండక్షన్ పొయ్యి ఎంత త్వరగా వేడెక్కుతుందో ఆవిడకి తెలీదు. గ్యాసు అలవాటు. మూకుడు పెట్టి, నూనె పోసి, ఎండుమిరపకాయలు తుంచుకొచ్చేలోపే నూనె పొగలు కక్కుతోంది. మిరపకాయలు వేశారు, అవి అప్పటికప్పుడే నల్లబడ్డాయి. ఆవాలు ఒక్కపెట్టున పేలాయి. ఘాటు గొంతులోకి పోయి అందరం దగ్గడం మొదలుపెట్టాం. అప్పుడు మోగింది హాలు పైకప్పుకున్న పొగ అలారం. అరనిమిషం తిరక్కుండా మెట్ల మీదది, వసారాలోది, వంటింట్లోది అన్నీ మోగాయి. అత్తయ్య మూకుడు చేత్తో పట్టుకుని ఎటు పోవాలో తెలీక నిలబడిపోయారు. పిల్లలు చెవులు మూసుకుని వానలోకి పరిగెత్తారు. అలారానికి మధ్యలో మీట ఉంటుంది, అది నొక్కితే ఊరుకుంటుంది. కానీ అది దూలం పక్కన ఉంది. మా ఆయన కుర్చీ ఎక్కి, ఆ కుర్చీని బల్ల మీద పెట్టే ఆలోచనలో పడ్డారు.

ఇంతలో పక్క పొలం పెద్దాయన వచ్చాడు. వానకోటు, మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో పొడుగు కర్ర చీపురు. హడావిడి లేదు, ఏమైందని అడగనూ లేదు. బురద బూట్లతో లోపలికి రానని గడప దగ్గరే ఆగి, ముందు ఎదురెదురు తలుపులు రెండూ తెరవమన్నాడు. చీపురు మా ఆయన చేతికిచ్చి, కర్ర కొనతో మీట ఎక్కడ పొడవాలో చూపించాడు. నిశ్శబ్దం అయ్యాక చూస్తే ఆయన వెళ్ళిపోతున్నాడు. చీపురు మర్చిపోయారని పిలిచాను. ఈ వారమంతా ఉంచుకోమని చెయ్యి ఊపాడు.

ఆ రాత్రి ఇంట్లో ఉన్న అతిథుల పుస్తకం తిరగేశాను. అందరూ సూర్యోదయం గురించే రాశారు. ఒకే ఒక్కరు చివర్లో చిన్నక్షరాలతో ఈ ఇంట్లో టోస్టు మాడినా ఊరంతా తెలుస్తుందని రాశారు. అది ముందే చదవాల్సింది.

తర్వాత విచారిస్తే తెలిసింది ఇది. 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లండ్‌లో ప్రతి ఇంట్లోనూ అలారాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి. ఒకటి మోగితే అన్నీ మోగాలి. అందులో వంటింట్లో పెట్టేది పొగని పట్టించుకోదు, వేడికి మాత్రమే మోగుతుంది. పొగకి మోగేవి హాల్లోనూ నడవాల్లోనూ ఉంటాయి. అంటే వంటిల్లు విడిగా ఉండి తలుపు వేసుకుంటే ఎంత తాలింపు పెట్టినా ఫరవాలేదు. వంటిల్లూ హాలూ ఒకటైన ఇంట్లోనే చిక్కంతా. రూలు మంచిదే. అలారానికి గుడ్డ కట్టండనో, బ్యాటరీ పీకండనో ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నాకూ ఇచ్చారు.

2023లో తెలివిగా చిన్న క్యాంపింగ్ స్టవ్ పట్టుకెళ్ళాను, తాలింపు ఆరుబయట పెడదామని. జూన్ నెల, రాత్రి పదింటికి కూడా వెలుగు. గాలి లేదు, వాన వెలిసింది, సముద్రం అద్దంలా ఉంది. అంత అందమైన సాయంత్రం మిడ్జీలనే కుట్టే చిన్నపురుగులకి కూడా పండగేనని మర్చిపోయాను. ఆవగింజంత ఉండవు, గాలి లేని తడి సాయంత్రాల్లో మబ్బులా కమ్ముకుని జుట్టులోకీ చెవుల్లోకీ దూరి కుడతాయి. ఒక చేత్తో మూకుడు, ఒక చేత్తో మొహం. ఇంగువ వేసి లోపలికి పరిగెత్తుకొచ్చి చారులో గుమ్మరించాను. మా అబ్బాయి గిన్నెలోకి చాలాసేపు తేరిపార చూసి "అమ్మా, ఇందులో ఆవాలేవి, మిడ్జీలేవి?" అన్నాడు. ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం.

కాబట్టి 2024లో తలుపున్న వంటిల్లే వెతికాను. వాటర్నిష్ వైపు పాత క్రాఫ్ట్ ఇల్లు, అంటే చిన్న కమతం రైతుల ఇల్లు, చేతి మూరెడు మందాన రాతిగోడలు, కింద రెండు గదులు, వెనకాల చిన్న వంటిల్లు. అత్తయ్య మళ్ళీ వచ్చారు. వారంలో పద్నాలుగు తాలింపులు పెట్టాం, ఒక్కసారి కూడా మోగలేదు. ఇది కదా నేను కోరుకున్నది? ఔను. కానీ ఆ వంటింటికి ఉన్న ఒక్క కిటికీలోంచి కనిపించేది చెత్తడబ్బాలు, గొర్రెల కంచె. అవతల గదిలో అందరూ సూర్యుడు సముద్రంలోకి దిగడం చూస్తూ కేకలు వేస్తుంటే తలుపు వెనక నేను వంకాయ కూర కలియబెడుతున్నాను. "రా, రా, అయిపోతోంది" అని పిలిచారు. నేను వెళ్ళేసరికి అయిపోయింది. గ్లాస్గోలో అయితే కనీసం డిష్‌వాషర్ ఉంది.

పోయినేడు మాత్రం ఇంట్లోనే పెద్ద సీసాడు తాలింపు పెట్టి, చల్లార్చి, మూత బిగించి పట్టుకెళ్ళాను. అద్దాల ఇల్లే తీసుకున్నాం. పప్పు ఉడికించి రెండు చెంచాలు కలిపితే సరి. మొదటి మూడు రోజులు బాగుంది. నాలుగోరోజుకి కరివేపాకు మెత్తబడి వాసనంతా పోయింది. అత్తయ్య ఉంటే ఒప్పుకోరు. నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే ఆ నాలుగు సాయంత్రాలూ కొండలు రంగు మారడం పొయ్యి దగ్గర నిలబడే చూశాను.

మరి తీసుకోమంటానా? మాది శాకాహారం, పిల్లలు చిన్నవాళ్ళు, రెండేళ్ళకోసారి పెద్దవాళ్ళు ఇండియా నుంచి వస్తారు. మాకు వేరే దారి లేదు, దారి ఉన్నా ఇదే పడతాం అనుకుంటాను. ఇద్దరే వెళ్తూ చేపలూ బ్రెడ్డూ తినగలిగితే పొద్దుటి టిఫిన్ పెట్టే ఇళ్ళలో దిగితే చాలు. వారం మధ్యలో వస్తాం అంటే వేసవిలో చాలామంది ఇవ్వరు, శనివారం నుంచి శనివారం అంటారు. ఆ ఏడు రోజుల వంట ఎవరు చేస్తారో బయల్దేరకముందే ఇంట్లో తేల్చుకోవడం మంచిది. మా ఇంట్లో ఇంకా తేలలేదు.

వచ్చే మే నెలకి ఒక ఇల్లు చూశాను. వంటిల్లు విడిగా ఉంది, సముద్రం వైపు కిటికీ కూడా ఉంది. ఫొటోలో గుమ్మం కనిపించింది గానీ తలుపు కనిపించలేదు. మెయిల్ పెట్టి అడిగాను. ఒకప్పుడు ఉండేదట, హాల్లోకి వెలుతురు వస్తుందని కిందటేడే తీసేశారట. అడ్వాన్సు ఇంకా కట్టలేదు.